కొలని ‘దోపరి’యా, ‘దాపరి’యా?

ఫ్రిస్కో పెరటిమొక్క:
సభ్యులందరికీ నమస్కారం. డాలస్ శివారులోని ఫ్రిస్కోలో మా వీధి తెలుగు కుటుంబాల వాళ్ళం ఏటా సంక్రాంతికి దగ్గరగా వచ్చే శనివారం నాడు గొబ్బెమ్మల ముచ్చట జరుపుకుంటాము. ఈసారి పిల్లలకు పాట నేర్పే పని నా మీద పడింది. గ్యారేజీలోని కార్లు బయట పెట్టించి, ఎనిమిది మంది పిల్లలను వలయంగా నిలబెట్టి, అన్నమయ్య ‘కొలని దోపరికి గొబ్బిళ్ళో’ మొదలుపెట్టాను. వాళ్ళకు తెలుగు చదవడం రాదు కనుక ఎవరో ఇంగ్లీషు అక్షరాలలో రాసి పంపిన కాగితమే ఆధారం. ఆ అక్షరాలలో ‘ద’కూ ‘డ’కూ తేడా లేకపోవడంతో ఆరుగురు ‘డోపరికి’ అన్నారు. అయిదో తరగతి పిల్లవాడొకడు నవ్వు ఆపుకోలేక గోడకు చేరగిలబడ్డాడు, ఎందుకంటే అక్కడి బడిలో ‘డోప్’ అంటే మత్తుమందు. వాడిని సరిదిద్దబోయి నేనే ఆగిపోయాను. బాపట్ల దగ్గరి పల్లెలో మా అమ్మమ్మ పేడముద్ద మీద గుమ్మడిపువ్వు గుచ్చుతూ పాడినప్పుడు నా చెవిన పడినది ‘కొలని దాపరికి’ అని గట్టిగా గుర్తు. అది ఆమె పొరపాటా, నా వినికిడి పొరపాటా, లేక నిజంగా అలాంటి పాఠమొకటి ఉన్నదా? శుక్రవారం చివరి అభ్యాసం. ఈలోపు తేల్చగలరా?

తెనాలి పాతకాపు:
అమ్మా, ఇందులో తేల్చవలసినది ఏమీ లేదు. నేర్పు గలవాడు నేర్పరి, తీర్పు చెప్పేవాడు తీర్పరి, కూర్చేవాడు కూర్పరి. అదే వరుసలో దోచు నుండి దోపు, దోపు నుండి దోపరి. కొలని దగ్గర గోపికల వలువలు దోచినవాడు కనుక కొలని దోపరి. ‘కొలనును దోచుకుపోయినవాడా?’ అని వెనక ఇదే గుంపులో ఒకరు వెటకారమాడారు కనుక ముందే చెబుతున్నాను: దారిదోపిడి అన్నప్పుడు దొంగ దారిని చుట్ట చుట్టి ఎత్తుకుపోడు. వెన్నదొంగలో ముందున్న మాట దొంగిలించిన వస్తువు. దారిదోపిడిలో ముందున్నది దొంగతనం జరిగిన చోటు. ‘కొలని’ ఈ రెండో తెగకు చెందినది.

లఘుగురువు:
పాతకాపు గారి వ్యుత్పత్తి బాగున్నది గాని, అదే కత్తి రెండు వైపులా తెగుతున్నదని వారు గమనించలేదు. దోచు–దోపు–దోపరి ఎంత సాధువో, దాచు–దాపు–దాపరి కూడా అంతే సాధువు. ‘దాపరికం’ అనే మాట మనం రోజూ వాడుతూనే ఉన్నాము. దానిలోని ‘దాపరి’ ఎవరో ఒకడు ఉండాలి కదా. ఛందస్సును అడిగి చూద్దామంటే అది కూడా సాక్ష్యం చెప్పడం లేదు. ‘కొలని’ మూడు మాత్రలు, ‘దోపరికి’ అయిదు, మొత్తం ఎనిమిది. ‘దాపరికి’ అన్నా అదే లెక్క. యతి ‘కొ’కూ ‘గొబ్బిళ్ళో’లోని ‘గొ’కూ కుదిరింది, ప్రాస ‘కొలని’కీ ‘యదుకుల’లోని ‘కుల’కూ నడిచింది, ఈ రెంటిలో ఏదీ వివాదాక్షరం జోలికి రాదు. ఇంకొక్క మాట. ఫ్రిస్కో గారి కాగితంలో ‘కొండొక శిశువునకు’ అని ఉంటే ‘శిశువుకు’ అని దిద్దించండి. పాటలో ‘గొబ్బిళ్ళో’కు ముందు వచ్చే గోపబాలునికి, కోపగానికిని, గుండు గండనికి, కొండలయ్యకును అన్నీ ఎనిమిదేసి మాత్రలు. ‘కొండొక శిశువునకు’ ఒక్కటే తొమ్మిదికి పోయి తాళం దగ్గర తడబడుతుంది. పాడేవారిలో చాలామంది ‘వున’ను గబుక్కున మింగి సర్దుకుంటున్నారు.

ఫ్రిస్కో పెరటిమొక్క:
ఇప్పుడే చూశాను, కాగితంలో ‘శిశువునకు’ అనే ఉన్నది. పిల్లలు సరిగ్గా అక్కడే చప్పట్లు తప్పుతుంటే శ్రద్ధ లేదని నిన్న కోప్పడ్డాను. తప్పు వాళ్ళది కాదన్నమాట.

రాజంపేట వాస్తవ్యుడు:
తాళ్ళపాకకు కూతవేటు దూరంలో పుట్టినవాడిగా ఇందులో కలగజేసుకోక తప్పడం లేదు. అన్నమయ్య సంకీర్తనలు నోటి మాటగా తేలిపోయినవి కావు. కొడుకు పెద తిరుమలాచార్యుల కాలంలో రాగిరేకులకెక్కి తిరుమల కొండ మీద భద్రపడినవి. ఇప్పుడు మనం పాడుకునే అచ్చు పాఠాలకు మూలం అవే, ఆ అచ్చులో ఉన్నది ‘దోపరి’. పాట చివర ‘వేంకటగిరిపై కొండలయ్యకును’ అనే ముద్ర ఉండగా దీన్ని జానపదుల పాటగా ఎవరికి తోచినట్టు వారు మార్చుకోవడం నాకు నచ్చదు. అమ్మమ్మల మీద నాకు గౌరవమే. అయితే మా అవ్వ ‘యదుకుల స్వామికి’ అనడానికి బదులు ‘ఎదుగుల సామికి’ అనేది. దాన్ని పాఠాంతరమని నేను ఎక్కడా వాదించలేదు.

అంబాజీపేట ఆడపడుచు:
రాజంపేట వారు రాగిరేకును అడ్డం పెట్టి అమ్మమ్మల నోరు మూయిస్తున్నారు. అన్నమయ్య 1408లో పుట్టాడు. అంతకు ముందే పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో తుమ్మెద పదాలు, వెన్నెల పదాల వరుసలో గొబ్బి పదాలను కూడా పేర్కొన్నాడు. అంటే గొబ్బి పాట ఆడవాళ్ళ వాకిట్లో అప్పటికే ఉన్నది. అన్నమయ్య దానిని ఎత్తుకుని కొండలయ్యకు సమర్పించాడు. వాకిట్లో నుండి తీసుకున్న పాట తిరిగి వాకిటికి చేరినప్పుడు కొంత మారుతుంది. అసలు అర్థం దగ్గర ఆలోచించండి. దోచినవాడు దోచిన సొమ్ము తిరిగి ఇస్తాడా? కృష్ణుడు చీరలు చెట్టు మీద పెట్టాడు, ఆటపట్టించాడు, చివరికి ఎవరివి వారికి ఇచ్చాడు. అది దాపరి చేసే పని. ఫ్రిస్కో గారి అమ్మమ్మ కథ తెలిసే పాడారని నా నమ్మకం.

తెనాలి పాతకాపు:
ఆడపడుచు గారి వాదం ముచ్చటగా ఉన్నది గాని పోతన దగ్గర నిలవదు. ఆ ఘట్టంలో గోపికలు ఏమంటున్నారో వినండి.

మా మా వలువలు ముట్టకు
మా మా కొనిపోకు పోకు మన్నింపు తగన్
మా మాన మేల కొనియెదు
మా మానసహరణ మేల మానుము కృష్ణా!

‘దాచకు’ అని ఒక్కచోట అన్నారా? కొనిపోకు అన్నారు, హరణం అన్నారు. తిరిగి ఇచ్చినవి వలువలే. మానసాలను ఎప్పుడు తిరిగి ఇచ్చాడు? కనుక అతడు దోపరే. ఈ నాలుగు పాదాల్లో ‘మా’ ఎన్నిసార్లు తిరిగిందో, చివర ‘మానుము’లో కూడా అది ఎలా వచ్చి వాలిందో చూసి ఇంతకాలానికీ మురిసిపోతూనే ఉన్నాను. నీళ్ళలో మెడ దాకా మునిగి వణుకుతున్న పిల్లల పెదవులు అదిరితే వచ్చే చప్పుడది. పోతన దాన్ని ప్రాసస్థానంలో కూడా బిగించాడు.

లఘుగురువు:
వణుకు సంగతి ఎత్తారు కనుక నెల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ పాట సంక్రాంతికి ఎందుకు అతికిందో అందులోనే ఉన్నది. భాగవతం ప్రకారం వ్రేపల్లె కన్నెలు కాత్యాయనీ వ్రతం పట్టినది హేమంతం మొదటి నెలలో, అంటే మార్గశిరంలో. తెల్లవారుజామున ఏటికి పోయి, స్నానం చేసి, ఇసుకతో దేవి ప్రతిమ చేసి పూజించి, హవిష్యం అనే వ్రతపు ఆహారం మాత్రమే తిన్నారు. మన ధనుర్మాసం మార్గశిరంతో పెనవేసుకునే వస్తుంది. వాకిట ముగ్గు నడుమ పెద్ద గొబ్బెమ్మను గౌరిగానూ చుట్టూ చిన్నవాటిని గోపికలుగానూ భావించే ఇళ్ళున్నాయి. అక్కడ ఇసుక ప్రతిమ, ఇక్కడ పేడముద్ద. కాబట్టి పల్లవిలోనే వలువల కథ ఎత్తడం కేవలం శృంగారం కోసం కాదు. నెల రోజుల నోము ఏ రోజున ఎలా పండిందో గుర్తు చేయడం.

మడుగు ఒడ్డున:
అంతా బాగానే ఉన్నది గాని అందరూ దాటేసిన చిక్కు ఒకటున్నది. ఆ కథ జరిగినది కాళింది ఒడ్డున, అంటే యమునలో. ఏటిని కొలను అని ఏ తెలుగువాడూ అనడు. నా అనుమానం ఇది: ఈ కొలను కాళియుడి మడుగు. విషసర్పాన్ని వెళ్ళగొట్టి ఆ నీటిని తిరిగి గోవులకు దక్కించినవాడు కొలనిని కొల్లగొట్టినవాడే కదా. అప్పుడు ‘దోపరి’ అన్న మాట వస్త్రాలకు కాక కొలనికే సూటిగా తగులుతుంది. తరువాతి చరణాలలో కొండను గొడుగుగా పట్టడం, దైత్యులను తరమడం, కంసుని ఇడుమల పెట్టడం అన్నీ వీరకృత్యాలే. వాటి నెత్తిన చీరల దొంగతనం ఎందుకు కూర్చుంటుంది?

అంబాజీపేట ఆడపడుచు:
మడుగు గారూ, మీ పేరుకు తగ్గ సిద్ధాంతమే ఇచ్చారు. ఆడపిల్లలు గొబ్బి చుట్టూ వంగి చప్పట్లు కొడుతూ పాడే పాటలో మొదటి మాట పాము గురించి ఉంటుందని మీరు అనుకుంటే నేను చేయగలిగినది లేదు.

రాజంపేట వాస్తవ్యుడు:
కొలను గురించి నాదొక ఊహ. ఏటి కథను కొలని కథగా మార్చినది పుస్తకం కాదు, ఊరు. మా సీమలో ఏరు ఏడాదిలో ఎన్నాళ్ళు పారుతుందో అందరికీ తెలుసు. ఆడవాళ్ళు మునిగి స్నానం చేయగల నీళ్ళు ఉండేది కొలనులోనో కోనేటిలోనో. అన్నమయ్య తనకు కనబడిన నీటినే పాటలో పెట్టాడు.

అనంతపురం అవ్వ మనవడు:
ఆలస్యంగా వచ్చాను, మన్నించండి. ‘దోపు’ అనగానే అందరూ దొంగతనానికే పోయారు. మా అవ్వ పొలం పనికి దిగే ముందు కొంగు నడుముకు దోపుకునేది, కొప్పులో పువ్వు దోపుకునేది. దోపడమంటే చెక్కడం, దూర్చడం కూడా. చీరలు మూటగట్టి కొమ్మల సందుల్లో దోపినవాడు కనుక దోపరి. ఇలా చదివితే దోచాడా దాచాడా అన్న మీ తగవు ఒక్క దెబ్బకు తీరిపోతుంది.

తెనాలి పాతకాపు:
తగవు తీరదు, మూడోది పుడుతుంది. కొలనిలో దోపితే కొమ్మ ఎక్కడి నుండి వచ్చింది? అవ్వ కొంగు మాట మాత్రం నిజం, దానికి నమస్కారం.

ఫ్రిస్కో పెరటిమొక్క:
పెద్దలందరికీ కృతజ్ఞతలు. శుక్రవారం అభ్యాసం అయిపోయింది. కాగితాన్ని తెలుగు అక్షరాలలో పెద్దగా అచ్చు వేయించాను. చదవడం రాకపోయినా ‘ద’ పొట్టలో ‘డ’కు ఉన్న మెలిక లేదని వేలితో చూపించగానే ‘డోపరి’ పోయింది. అచ్చులో ‘దోపరి’ అనే ఉంచాను, రాజంపేట వారు సంతోషిస్తారు. ‘శిశువుకు’ అని దిద్దిన తరువాత చప్పట్లు ఒక్కసారి కూడా తప్పలేదు. నేను వెనుక నుండి అందించేటప్పుడు మాత్రం నోరు తనంతట తానే ‘దాపరి’ అన్నది, ఇద్దరు పిల్లలు నా వెంటే అన్నారు. గొబ్బెమ్మల దగ్గర వేరే తిప్పలు: దుకాణంలో కొన్న పిడకలను వేడినీళ్ళలో నానబెడితే ముద్ద కాక రవ్వలా విడిపోయాయి, చివరికి గోధుమపిండిలో పసుపు కలిపి చేశాము. జనవరిలో ఇక్కడ గుమ్మడిపువ్వు దొరకదు కనుక నారింజ రంగు కాగితంతో కత్తిరించాము. ఇంతకూ ఒక పిల్ల అడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. గొబ్బి ఒకటైతే గొబ్బులు కావాలి గదా, గొబ్బిళ్ళు ఎలా అయినవి?

లఘుగురువు:
ఆ పిల్లను ఈ గుంపులో చేర్చండి. వాకిలి వాకిళ్ళు అయినట్టు, కౌగిలి కౌగిళ్ళు అయినట్టు, ‘గొబ్బిలి’ అనే ఏకవచనం ఒకప్పుడు ఉండి జారిపోయి ఉండాలని నా అభిప్రాయం.

మడుగు ఒడ్డున:
అభిప్రాయం మాత్రమే. గొబ్బి కోసం పిల్లలు కట్టే చిన్న ఇల్లు, గొబ్బి ఇల్లు, దాని బహువచనం గొబ్బిళ్ళు. ఇది ఇంకా సూటిగా లేదా?

అంబాజీపేట ఆడపడుచు:
‘కొండొక శిశువుకు గొబ్బిళ్ళో’ అన్నప్పుడు శిశువుకు ఇళ్ళు ఇస్తున్నామా, మడుగు గారూ? ‘కు’ విభక్తి తరువాత వచ్చింది కనుక అక్కడ గొబ్బిళ్ళు అంటే దండాలు. వంగి చప్పట్లు కొట్టడమే ఆ దండం.

తెనాలి పాతకాపు:
దండాలన్న అర్థానికి పాత కావ్యాల్లో ఒక్క ప్రయోగం చూపించండి, ఒప్పుకుంటాను.