పెళ్ళి గుర్రాన్ని డబ్బిచ్చి విడిపించాలా, వద్దా?

గట్టుమీది మనిషి

రావులపాలెం దిగువన ఏటిగట్టుకి ఆనుకుని ఉన్న ఒక కొబ్బరితోటలో పదకొండు మందిమి కలిసి గుర్రాల పాక నడుపుతున్నాం. సంస్థేమీ కాదు, బోర్డు కూడా లేదు. తోట ఇచ్చినాయన అద్దె తీసుకోడు, లద్దె మాత్రం చెట్ల మొదళ్ళకి వెయ్యమంటాడు. ఇప్పుడు ఐదు గుర్రాలున్నాయి, ఐదూ ఊరికే వచ్చినవే. రెండు రోడ్డు మీద తిరుగుతుంటే తోలుకొచ్చాం. ఒకదాన్ని లారీ గుద్దింది. మిగతా రెంటినీ వాటి యజమానులే "మా వల్ల కావట్లేదండి" అని తెచ్చి కట్టేసి వెళ్ళిపోయారు.

ఆరోదానితో చిక్కొచ్చింది. పెళ్ళి ఊరేగింపులకి తిరిగే తెల్ల ఆడగుర్రం. వయసు పదహారు పైమాటే. ఎడమ కంట్లో పువ్వేసింది, ముందుకాలు కుంటుతోంది. నోట్లో ముళ్ళ కళ్ళెం వేసీ వేసీ మూతి మూలలు పుళ్ళు పడ్డాయి. యజమాని నలభై వేలు అడుగుతున్నాడు. ఇవ్వకపోతే ఆషాఢం లోపు బేరగాడికి తోలేస్తానంటున్నాడు. మాలో ఆరుగురు ఇచ్చేద్దామంటున్నారు, ఐదుగురు వద్దంటున్నారు. నేను వద్దన్న వాళ్ళలో ఉన్నాను. కానీ ఆ కన్ను గుర్తొచ్చినప్పుడల్లా నా మాట మీద నాకే నమ్మకం పోతోంది. మీరేమంటారు?

పూతరేకు

ఇచ్చెయ్యండి, ఆలోచించకండి. పదకొండు మందికి పంచుకుంటే మనిషికి నాలుగు వేలు కూడా పడదు. నా వంతు రెండు వేలు నేనూ వేస్తాను. మన జిల్లాల్లో ఊరూరా కాటన్ దొర విగ్రహం గుర్రం మీదే ఉంటుంది. ప్రతి మే 15న ఆయన జయంతికి దండలేస్తాం, ఫొటోలు దిగుతాం. దొరకి దండ వేస్తాం గానీ గుర్రానికి గడ్డి వెయ్యమా?

పులస

గుడ్డిగుర్రానికి పళ్ళు తోమడమంటే ఏమిటో ఇన్నాళ్ళకి కళ్ళారా చూస్తున్నాను.

మాది లంక. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చినప్పుడు మా గేదెల్ని గట్టెక్కించడానికి పడవ దొరక్క రెండు రాత్రులు కొబ్బరిచెట్లకి కట్టుకుని కూర్చున్నాం. పాలిచ్చే గొడ్డుకే దిక్కు లేని చోట ముసలి గుర్రానికి నలభై వేలా? పైగా గట్టు పక్కన పాక వేశామంటున్నారు. గట్టుకి లోపలా, బయటా? అది చెప్పండి ముందు.

గట్టుమీది మనిషి

బయటేనండి, ఊరి వైపు. అయినా గట్టు మీద నమ్మకంతో కూర్చోలేదు. మూడో ప్రమాద హెచ్చరిక దాకా ఆగకుండా రెండోది ఎగరేయగానే ఐదింటినీ తోలుకుపోవడానికి మెరకన ఒక రైసుమిల్లు ఆవరణ మాట్లాడుకున్నాం. ఒకసారి తోలి చూశాం కూడా. పట్టపగలు, పొడి రోడ్డు మీదే గంటన్నర పట్టింది. రాత్రిపూట వానలో ఎంత పడుతుందో తల్చుకుంటే టెన్షన్‌గానే ఉంటుంది.

రిటైరైన కాంపౌండర్

పులస గారూ, ఆ సామెత మీరు ఎగతాళికి వాడారు గానీ గుర్రాల విషయంలో అది నిజం వైద్యమండీ. గుర్రానికి పళ్ళు ముసలితనం దాకా పైకి వస్తూనే ఉంటాయి. ఒక పక్క అరిగి, ఇంకో పక్క కత్తిలా అంచు తేలుతుంది. నమిలినప్పుడల్లా బుగ్గ కోసుకుపోతుంది. గడ్డి సగం నమిలి ఉమ్మేస్తుంది, మనిషేమో తిండి మీద ధ్యాస లేదనుకుంటాడు. అందుకే ముసలి గుర్రానికి ఏడాదికోసారైనా ఆకురాయితో పళ్ళు రాకించాలి. అది గుడ్డిదైనా సరే.

పశువుల ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళు చేశాను. మన డెల్టాలో గుర్రాన్ని సాకేవాళ్ళు చేసే మొదటి తప్పు దాన్ని ఎద్దనుకోవడం. ఎద్దు నెమరేస్తుంది, ఎండు వరిగడ్డి పడేసినా ఎలాగోలా అరిగించుకుంటుంది. గుర్రానికి నెమరు లేదు, వాంతి కూడా చేసుకోలేదు. వట్టి వరిగడ్డి మీద ఉంచి నీళ్ళు తక్కువైతే పేగులో గడ్డకట్టి శూల వస్తుంది. కింద పడి దొర్లుతుంది, కడుపు వంక తిరిగి తిరిగి చూసుకుంటుంది. అప్పుడు పశువుల అంబులెన్సు నంబరు 1962కి ఫోన్ చేసి బండి వచ్చేదాకా మెల్లగా నడిపించడం తప్ప మనం చేసేది తక్కువ. మూడు వందల కిలోల గుర్రానికి రోజుకి ఎండుమేత లెక్కన ఐదారు కిలోలు కావాలి. అదీ రెండు పూటలా కుక్కడం కాదు, రోజంతా కొంచెం కొంచెంగా. ఉలవ గుగ్గిళ్ళు మంచివే, దోసిలికి మించొద్దు. పచ్చి పిల్లిపెసర ఒక్కసారిగా మేపితే కడుపుబ్బరం ఖాయం.

ఇక మన నేల. నల్లమట్టి, ఎప్పుడూ తడి. డెక్క అడుగున కుళ్ళు పడుతుంది, దగ్గరికి వెళితే వాసన కొడుతుంది. రోజూ డెక్కలు ఎత్తి గీకాలి, ఆరేడు వారాలకోసారి కోయించాలి. వానాకాలం జోరీగలు సర్రా జ్వరాన్ని మోసుకొస్తాయి.

నలభై వేలిస్తారో మానతారో మీ ఇష్టం. తెచ్చినా మానినా రక్తపరీక్ష చెయ్యకుండా మిగతా ఐదింటి పక్కన కట్టకండి. గ్లాండర్స్ అని ఒక జబ్బుంది. మనుషులకీ అంటుకుంటుంది. తేలితే చికిత్స ఉండదు, చట్టప్రకారం గుర్రాన్ని చంపాల్సిందే. రక్తం నమూనా హర్యానాలోని హిసార్ ల్యాబు దాకా వెళ్ళాలి. అప్పటిదాకా వేరే పాక, వేరే తొట్టి, వేరే బకెట్. ఇంకొక్క మాట. ఆదివారం మీ పాకలో జనం బాగానే ఉంటారని విన్నాను. మంగళవారం తెల్లారి ఐదింటికి ఎవరుంటారు?

ఊరేగింపు బాబాయ్

ఆయ్, ఇంతసేపూ మా గురించే మాట్లాడుకుంటున్నారు కాబట్టి నేనూ చెబుతాను. నాకు రెండు గుర్రాలున్నాయి, మా నాన్న జట్కా తోలేవాడు. అందరూ మమ్మల్ని కసాయివాళ్ళన్నట్టు రాస్తున్నారు. మాకు ముహూర్తాలుంటేనే డబ్బులు. ఆషాఢం వచ్చిందా, మూఢం వచ్చిందా, గుర్రం కట్టుకొయ్యకే ఉంటుంది. దాని కడుపుకి మూఢం తెలుస్తుందా అండి? ఆ నెలల్లోనే కొందరు మేత కొనలేక గట్టు మీదకి వదిలేస్తారు. మళ్ళీ శ్రావణంలో వెతుక్కుంటారు. దొరికితే దొరుకుతుంది, లేకపోతే లేదు. వరద వచ్చేదీ ఆ నెలల్లోనే.

ఇక నలభై వేల సంగతి. ఉన్న మాట చెబుతున్నాను, తిట్టకండి. కుంటి గుర్రానికి మీరు నలభై వేలిస్తే నేనైతే ఇంకో పదివేలు కలిపి మంచి వయసు గుర్రాన్ని తెచ్చుకుంటాను. ఎందుకు తెచ్చుకోను? నా బతుకు అదేగా. బేరగాడు దానికి అంతిస్తాడనుకోను. అంతిచ్చేవాడుంటే ఆయన మీ దగ్గరికి ఎందుకొస్తాడు?

కొబ్బరాకు

బాబాయ్ గారు కుండబద్దలు కొట్టారు. మనం గుర్రాన్ని విడిపించడం లేదు, ఆయనకి కొత్త గుర్రానికి అడ్వాన్సు ఇస్తున్నాం. ఒకసారి ఇచ్చామని తెలిస్తే తణుకు నుంచి అమలాపురం దాకా ప్రతి కుంటి గుర్రానికీ ఒక రేటు పుడుతుంది.

పూతరేకు

ఆ లెక్క నాకు నచ్చలేదు. 2012 పశుగణనలో దేశం మొత్తం మీద గుర్రాలు, పొట్టిగుర్రాలు కలిపి ఆరు లక్షల పైచిలుకు ఉంటే 2019 నాటికి 3.4 లక్షలకి పడిపోయాయి. మనం కొన్నా కొనకపోయినా ఈ వ్యాపారం కరిగిపోతోంది. పోయే వ్యాపారానికి నలభై వేలు ఊపిరి పోస్తాయా? మధ్యలో నలిగిపోయేది ఒక్క ప్రాణి. మీ సిద్ధాంతం కోసం దాన్ని బలిపెడతారా?

కొబ్బరాకు

పడిపోయింది బండ్లు లాగే గుర్రం, బరువులు మోసే గుర్రం. మా చిన్నప్పుడు పాలకొల్లులో వరుడు అంబాసిడర్ కారులో వచ్చేవాడు. ఇప్పుడు గుర్రమెక్కకపోతే ఫొటోగ్రాఫర్ ఒప్పుకోవట్లేదు. మన దగ్గర పెరిగేది ఇదే.

మనకంటే ముందు ఈ దారిలో నడిచిన ఒకావిడ ఉంది. డొరతీ బ్రూక్ అని, 1930లో భర్త ఉద్యోగరీత్యా కైరో వెళ్ళింది. మొదటి ప్రపంచయుద్ధం అయ్యాక బ్రిటిష్ సైన్యం అక్కడే అమ్మేసిన గుర్రాలు వీధుల్లో బండ్లు లాగుతూ ఎముకల గూళ్ళై కనిపించాయి. పత్రికకి ఉత్తరం రాసి, చందాలు పోగుచేసి వేల గుర్రాల్ని డబ్బిచ్చే కొంది. చాలావాటిని బతికించే దశ దాటిపోవడంతో బాధ లేకుండా పంపించేయాల్సి వచ్చింది. అంటే కొనడం తప్పని ఆవిడ అనుకోలేదు. అయితే ఆ గుర్రాలు మళ్ళీ రావు, సైన్యం ఇంకో విడత అమ్మట్లేదు. అవి తీరాక 1934లో ఏం చేసిందంటే, బండివాళ్ళ గుర్రాలకి ఉచితంగా వైద్యం చేసే ఆసుపత్రి పెట్టింది. గుర్రం యజమాని దగ్గరే ఉంటుంది, పుండుకి మందు మాత్రం వీళ్ళది. మన బాబాయ్ గారి సరుకు తీరేది కాదు, ఒకటి పోతే ఇంకొకటి వస్తుంది. అందుకని నాది రెండో దారి.

కోర్టు పక్షి

డబ్బు మాట పక్కన పెట్టి చట్టం చూడండి. 1960 జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ కింద పనికిరాని స్థితిలో ఉన్న జంతువు చేత పని చేయించడం నేరం, ఆకలితో ఉంచడం నేరం, వదిలేయడం కూడా నేరమే. 1965 నిబంధనల ప్రకారం ముళ్ళ కళ్ళెం వాడకూడదు. బండి లాగే, బరువు మోసే జంతువుల చేత రోజుకి 9 గంటలు మించి పని చేయించకూడదు. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా అసలు చేయించకూడదు. మన వైశాఖం ముహూర్తాలకి ఇది ఎంత సరిపోతుందో చూసుకోండి. కంప్లైంట్ ఇవ్వండి, గుర్రం ఊరికే మీ దగ్గరికి వస్తుంది.

గట్టుమీది మనిషి

జరిమానా ఎంతో కూడా చెప్పండి గురువుగారూ. మొదటిసారి నేరానికి పది రూపాయల నుంచి యాభై రూపాయలు. పల్లకీ పూలకి కూడా చాలదు. కేసు పెడితే గుర్రం మా పాకకే వస్తుందేమో గానీ, మరుసటి ఆషాఢంలో ఒక్క యజమానీ మా గుమ్మం తొక్కడు. మాకు ఐదులో రెండు గుర్రాలు అలా తెచ్చి కట్టేసినవే కదా. ఆ దారి మూసుకుపోతే అవి గట్టు మీదకే వెళతాయి.

కాంపౌండర్ గారూ, మంగళవారం ఐదింటికి నేనూ, ఇంకో అమ్మాయీ ఉంటాం. అంతే.

మంగళవారం అమ్మాయి

ఆ ఇంకో అమ్మాయిని నేనే. డిగ్రీ రెండో సంవత్సరం. మొదటి ఆదివారం నేనూ ఫొటోల కోసమే వెళ్ళాను, దాచడమెందుకు. గుర్రం మెడ మీద చెయ్యేసి దిగిన ఫొటోకి వచ్చినన్ని లైకులు నాకెప్పుడూ రాలేదు. రెండో వారం వెళితే ఈయన చేతికి చీపురూ తట్టా ఇచ్చారు. ఒక్కో గుర్రం రోజుకి పది కిలోలకి తక్కువ కాకుండా వేస్తుంది. ఐదింటికి లెక్క వేసుకోండి. మాతో వచ్చిన ఏడుగురిలో ఐదుగురు మూడో వారం రాలేదు.

అందుకే నేను కొనడానికి వద్దనే ఓటేశాను. నలభై వేలు చందాలు వేస్తే వారంలో వస్తాయి. వచ్చాక ఆ గుర్రం ఇంకో పదేళ్ళు బతకొచ్చు. దాని డెక్క రోజూ ఎవరు ఎత్తుతారు? పూతరేకు అక్కా, మీ రెండు వేలతో పాటు ఒక గురువారం ఇవ్వగలరా?

పూతరేకు

నేను హైదరాబాదులో ఉంటానమ్మా. నిజమే, గురువారం ఇవ్వలేను. కానీ దూరంగా ఉన్నవాళ్ళు డబ్బు తప్ప ఇంకేం ఇవ్వగలరు? దాన్ని చిన్నచూపు చూడకండి.

పులస

ఈ పిల్ల మాట బాగుంది. మా దగ్గర వరి కోశాక చల్లిన పిల్లిపెసర ఎండబెట్టింది వాములో ఉంది. ఎండుదే, కాంపౌండర్ గారు కంగారు పడక్కర్లేదు. ఒక ట్రాక్టరు తొట్టి పంపిస్తాను. గుర్రాలకని కాదు, మా గేదెలకి మిగిలిపోయింది కాబట్టి.

గట్టుమీది మనిషి

పది రోజులు ఆలస్యంగా రాస్తున్నాను, ఏమనుకోకండి. డబ్బు ఇవ్వలేదు. మళ్ళీ ఓట్లేస్తే వద్దని ఎనిమిది, ఇద్దామని మూడు అయ్యాయి. బాబాయ్ గారు చెప్పిందే జరిగింది, బేరగాడు పన్నెండు వేల దగ్గర ఆగిపోయాడట. మేము యజమానితో ఇలా మాట్లాడుకున్నాం. కాలికీ పళ్ళకీ నోటి పుళ్ళకీ వైద్యం మాది. కాలు నయమైందని కాంపౌండర్ గారు చూసి చెప్పేదాకా దాన్ని పెళ్ళికి తీసుకెళ్ళడు. ముళ్ళ కళ్ళెం మాకిచ్చేశాడు. ఆషాఢమంతా దాన్ని మా వేరు పాకలో ఉంచుతాడు, మేత సగం ఆయనది. ఇక పనికిరాదన్న రోజున ఒక్క రూపాయి అడక్కుండా మాకు వదిలేస్తాడు. అన్నీ కాగితం మీద రాసుకున్నాం. రక్తం నమూనా వెళ్ళింది, ఇంకా ఫలితం రాలేదు.

పూతరేకు

అంటే ఒంటికన్ను గుర్రం శ్రావణంలో మళ్ళీ డీజే ముందు నిలబడుతుందన్నమాట. ఆ కాగితం ఎంతవరకు నిలుస్తుంది?

గట్టుమీది మనిషి

నిలబడొచ్చు. కాగితానికి గ్యారంటీ లేదు. శ్రావణంలో మొదటి ముహూర్తానికి ఆ పెళ్ళి ఏ ఊళ్ళో అయినా పిలవకపోయినా వెళ్ళి చూస్తాను. మీకు కోపంగానే ఉందని తెలుసు, అయినా అడుగుతున్నాను. ఆ రెండు వేలు పంపుతారా? డెక్కలు కోసే మనిషి ఏలూరు నుంచి రావాలి. చార్జీలు, కూలీ, భోజనం అందులోంచి ఇద్దామని.

పూతరేకు

పంపాను. డెక్క కోశాక ఫొటో పెట్టండి. మీ మొహాలు కాదు, డెక్కది.