నవల కోసం మతాన్ని కల్పిస్తున్నాను: దేవతలు కుదిరారు, నమ్మేవాళ్ళు కుదరడం లేదు

గట్టుదారి:
ఒక నవల రాస్తున్నానండి. అందులో జనం నది ఒడ్డున ఉంటారు, ఏటా వరద ఊళ్ళోకొచ్చి కొన్ని ఇళ్ళు తీసుకుపోతుంది, అయినా వాళ్ళు ఆ ఊరు వదలరు. వాళ్ళకో మతం కావాలని ఆరు నెలలు కూర్చుని పదకొండు మంది దేవతలు, సృష్టి ఎలా జరిగింది, ఎవరు ఎవరి బిడ్డ, ఎవరికి ఎవరితో పగ, అంతా నోట్‌బుక్ నిండా రాసుకున్నాను. ఇష్టంగానే రాశాను. తీరా కథలోకి వచ్చేసరికి ఒక్క పాత్ర కూడా ఆ మతంలో పుట్టి పెరిగిన మనిషిలా లేదు. పూజ వస్తే పూజారి నిలబడి పురాణం చెప్తాడు, మిగతావాళ్ళు వింటారు, అది అయిపోగానే ఎవరి పనిలో వాళ్ళు పడిపోతారు, ఇక ఆ దేవతలు ఎవరికీ గుర్తురారు. ఎక్కడ తప్పు చేశాను? అసలు ఈ దేవతల్ని తీసేయాలా? ఇంకో టెన్షన్ కూడా ఉంది, ఉన్న మతాల ఆచారాలు తెచ్చి పేర్లు మార్చినట్టు కనిపిస్తే ఆ మతం వాళ్ళు నొచ్చుకుంటారేమో అని.

ఒంటిదీపం:
నోట్‌బుక్ కాసేపు మూసేసి ఒక్కదానికి జవాబు రాయండి. మీ ఊళ్ళో మనిషి పోతే శవాన్ని ఏం చేస్తారు?

ఎందుకు అడుగుతున్నానంటే, ఒక మతం దేన్ని పవిత్రం అనుకుంటుందో, దేనికి భయపడుతుందో అక్కడ దాచుకోవడం దానివల్ల కాదు. పాత ఇరాన్‌లో పుట్టిన మతం జొరాస్ట్రియన్లది, మన దేశంలో పార్సీలంటే వీళ్ళే. వాళ్ళకి నిప్పు, నేల, నీరు పవిత్రం, శవం అంటు. అందుకే కాల్చకూడదు, పూడ్చకూడదు, నీళ్ళలో వదలకూడదు. ఇంక మిగిలిందేమిటి? దఖ్మా అనే గుండ్రటి కట్టడం మీద ఉంచి రాబందులకి వదిలేయడం. టిబెట్‌లోనూ చాలామంది రాబందులకే ఇస్తారు, కానీ అక్కడ మాట వేరు, ప్రాణం పోయాక ఒళ్ళు ఖాళీ కాబట్టి దాన్ని ఇంకో జీవి ఆకలికి దానం చేస్తున్నామంటారు, పైగా అక్కడ చాలాచోట్ల నేలంతా రాయి, కట్టెలు దొరకవు. దూరం నుంచి చూసేవాడికి రెండూ ఒకటే పని. చేసేవాళ్ళ మనసులో ఉన్నది మాత్రం ఒకటి కాదు.

మీ రెండో భయానికి కూడా నా జవాబు ఇదే. పైకి కనిపించే పనిని తీసుకొస్తే అది అరువు తెచ్చుకున్నట్టే ఉంటుంది, మీ నది నుంచి, మీ జనం భయం నుంచి మొదలుపెడితే ఆచారం దానంతటదే వేరే రూపంలో వస్తుంది.

ఇంకొకటి. పశువులకి వాడే డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు వల్ల 1990ల నుంచి దక్షిణాసియాలో రాబందులు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. భారత్‌లో పశువులకి ఆ మందు వాడకాన్ని 2006లో ఆపారు, కానీ అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది. ముంబైలో పార్సీలు ఎండని శవాల మీదికి మళ్ళించే అద్దాలు పెట్టుకోవాల్సి వచ్చింది, కొందరు దహనానికి మారారు, దాని మీద వాళ్ళలో వాళ్ళకే పెద్ద వాదన. ఆచారం చేయడానికి కావలసింది చేతిలో లేకుండా పోతే మనిషి ఏం చేస్తాడు అన్నది మీకు పూజారి ప్రసంగం కంటే ఎక్కువ కథ ఇస్తుంది.

రెండువేళ్ళు:
పైన చెప్పింది నిజం, నేను ఇంకోటి కలుపుతాను. మీ ఊళ్ళో అందరూ ఒకేలా నమ్ముతున్నారు, అందుకే బొమ్మల్లా ఉన్నారు. 17వ శతాబ్దంలో రష్యా చర్చి పెద్ద నికాన్ సిలువ గుర్తు వేసుకోవడాన్ని రెండు వేళ్ళ నుంచి మూడు వేళ్ళకి మార్చాడు, ఇంకా కొన్ని మార్పులు తెచ్చాడు. వినని వాళ్ళని తర్వాత పాత విశ్వాసులు అన్నారు. వాళ్ళలో ముఖ్యుడైన అవ్వాకుమ్‌ని 1682లో బతికుండగానే కాల్చేశారు. ఒక్క వేలు తేడా అనిపిస్తుంది మనకి. వాళ్ళకి అది తాతముత్తాతలు దేవుడితో మాట్లాడిన పద్ధతి, అది తప్పంటే వాళ్ళంతా తప్పినట్టే కదా. మీ జనానికీ అలాంటి వేలు ఒకటి కావాలి. ఒకే ఇంట్లో అత్తాకోడళ్ళు దాని గురించి గొడవపడకపోతే అది ఇంకా ఆచారం కాలేదని నా లెక్క.

నెలపొడుపు:
దేవతల్ని తీసేయొద్దండి, దయచేసి. ఆరు నెలల పని అది. కాకపోతే పాఠకుడికి మొత్తం చెప్పకండి. నిజంగా ఆ ఊళ్ళో పెరిగిన పిల్లకి పదకొండు మందీ వరసగా తెలియరు, ఇద్దరి పేర్లు ఒట్టు పెట్టుకునేటప్పుడు, ఒకరి పేరు తిట్టులో, ఇంకొకరిది జోలపాటలో తెలుస్తాయి, అంతే.

నేను అడిగేది వేరే. వరద రాని ఏడాది ఏం జరుగుతుంది? అమెరికాలో విలియం మిల్లర్ అనే క్రైస్తవ బోధకుడి మాట నమ్మినవాళ్ళు 1844 అక్టోబరు 22న క్రీస్తు తిరిగొస్తాడని ఎదురుచూశారు, కొందరు పొలం కోతలు కూడా మానేసి. రాలేదు. చాలామంది వెళ్ళిపోయారు, కానీ కొందరు తేదీ సరైనదే, జరిగింది పరలోకంలో కాబట్టి మనకి కనబడలేదన్నారు. ఆ నిలబడ్డవాళ్ళలోంచే 1863లో సెవెంత్ డే అడ్వెంటిస్ట్ చర్చి ఏర్పడింది. నమ్మకం ఎంత గట్టిదో అది తప్పిన రోజున తెలుస్తుంది, ఆ రోజుని మీ నవల్లో ఉంచండి.

గట్టుదారి:
ముగ్గురికీ చాలా థ్యాంక్సండి. రెండు రాత్రులు ఇదే ఆలోచన.

శవం ప్రశ్నకి జవాబు దొరికింది. మా ఊళ్ళో పోయినవాళ్ళని ఒడ్డునే, లోతు లేకుండా, మోకాలి లోతుకి పాతిపెడతారు. వరద వచ్చి తీసుకెళ్తుంది, అప్పుడే వాళ్ళు నిజంగా పోయినట్టు. నది అంటే వాళ్ళకి భయం కాదు, తమవాళ్ళని తీసుకెళ్ళడానికి వచ్చే మనిషి. అందుకే మబ్బు పట్టగానే ప్రతి ఇంట్లో గడప చెక్క ఊడదీసి అటక మీద పెడతారు, లోపలికి వచ్చేదానికి అడ్డం ఉండకూడదని. చెక్కని బోర్లా పెట్టాలని అత్త, వెల్లకిలా పెట్టాలని ఎగువ ఊరి నుంచి వచ్చిన కోడలు. ఏ ఇద్దరు దేవతల పగ దీని వెనకుందో ఇద్దరికీ తెలియదు, నాకు మాత్రం నోట్‌బుక్‌లో ఉంది.

ఆ ఏడు వరద రాదు. అదే ఏడు ఆ ఇంట్లో ఎనిమిదేళ్ళ పిల్లాడు పోయి ఉంటాడు. చలికాలం వచ్చేసినా ఎవరూ గడప దింపరు, దింపితే ఇక రాదని ఒప్పుకున్నట్టు. గడప లేని గుమ్మంలోంచి చలిగాలి నేల మీదుగా వస్తుంటే చంటిదానికి దగ్గు పట్టుకుంటుంది. ఒక రాత్రి అత్త లేచి, చప్పుడు కాకుండా అటకెక్కి చెక్క దింపి, తడిచేత్తో దుమ్ము తుడిచి, గుమ్మంలో బిగిస్తుంది. కోడలు మేలుకునే ఉంటుంది. పొద్దున ఒడ్డుకి వెళ్ళి పిల్లాడి మీద ఇంకో రెండు దోసిళ్ళ మట్టి వేస్తుంది.

ఇందులో పూజారి లేడు. ఇంతవరకూ రాసి పంపిస్తున్నాను, కోడలు ఆ మట్టి వేస్తూ ఎవరి పేరు తలుచుకుంటుందో ఇంకా తేలలేదు.