గోదావరి పాయలో చేపలవేట తీయడానికి ఏ కెమెరా మేలు?

అంతర్వేది దగ్గర వశిష్ఠ పాయలో మా బాబాయి వేటకు వెళ్లేటప్పుడు వెంట వెళ్లి వీడియోలు తీయాలని నా కోరిక. వల లాగడంలో చెయ్యి వేయాలి కాబట్టి కెమెరాను ఛాతీకి కట్టుకోవాలి. గోప్రో హీరో 12, డీజేఐ ఓస్మో యాక్షన్ 4 మధ్య తేల్చుకోలేకపోతున్నాను. కవచం లేకుండా మొదటిది 10 మీటర్ల లోతు, రెండోది 18 మీటర్ల లోతు తట్టుకుంటాయి. పడవలో అంత అవసరం లేదు.

నాకు ముఖ్యం వేకువ వెలుతురు. తెల్లవారకముందే వల పైకొస్తుంది. పండుగప్ప పొలుసుల మెరుపు ఆ మసకలోనే కనబడాలి. వెలుతురును పట్టే సెన్సార్ ఓస్మోలో పెద్దది కాబట్టి మనసు అటే లాగుతోంది.

ఉప్పునీటి తుంపరలు ఆరి లెన్సు మీద తెల్లని మరకలు కడతాయి కదా, మంచినీటితో కడిగితే చాలా? ఎండకు వేడెక్కి ఆగిపోకుండా ఏది ఎక్కువసేపు పనిచేస్తుంది? సముద్రపు మొగల దగ్గర వాడినవారు దయచేసి చెప్పండి.