ఛార్జింగ్ రావట్లేదా, ఎక్కట్లేదా, నిలవట్లేదా?

‘ఛార్జ్ అవ్వట్లేదు’ అనాలా, ‘ఛార్జింగ్ ఎక్కట్లేదు’ అనాలా అని నిన్న ఒక తమ్ముడు అడిగాడు. రెండూ తెలుగే. కానీ ఒడిశా జయపురంలో ఇరవై ఏళ్లుగా బండ్ల సెల్ఫ్-డైనమో (ఇంజన్ స్టార్ట్ చేసే మోటారు, బ్యాటరీని ఛార్జ్ చేసే డైనమో) పని చేస్తున్నవాణ్ణి, నాకు ‘అవ్వట్లేదు’ అంటే ఏమీ తెలియదు, ‘ఎక్కట్లేదు’ అంటే సగం రిపేరు అక్కడే తెలిసిపోతుంది.

ఇక్కడ ఒడియావాళ్లు ‘చార్జ్ హెఉనాహిఁ’ అంటారు, అది వినీ వినీ మన పిల్లల నోట్లో కూడా ‘అవ్వట్లేదు’ ఒక్కటే మిగిలింది. నాకు పని నేర్పిన మా నాన్నగారు అలా కలిపేసేవారు కాదు. డైనమోలో కరెంటు పుట్టకపోతే ‘రావట్లేదు’. పుట్టినా బ్యాటరీకి చేరకపోతే ‘ఎక్కట్లేదు’. చేరినా తెల్లారేసరికి ఖాళీ అయిపోతే ‘నిలవట్లేదు’. రక్తం ఎక్కించారు, సెలైన్ ఎక్కించారు, చదువు తలకెక్కలేదు అంటాం చూడండి, ఆ ‘ఎక్కు’ ఇదే, ఒకచోటి నుంచి బయల్దేరింది ఇంకోచోటికి చేరిందా లేదా అన్నదే దాని లెక్క.

మా మేనల్లుడు విమానాల మెయింటెనెన్సు నేర్చుకుంటున్నాడు. 2022లో భువనేశ్వర్ నుంచి మా ఊరికి తొమ్మిది సీట్ల సెస్నా మొదలైనప్పుడు పట్టుకున్న పిచ్చి అది. మొన్న ఫోన్ చేసి, “మావయ్యా, ట్రైనింగ్ విమానంలో ఛార్జ్ అవ్వట్లేదు, బ్యాటరీ కొత్తది వెయ్యమంటున్నారు” అన్నాడు. “రావట్లేదా, ఎక్కట్లేదా, నిలవట్లేదా, ముందు అది తేల్చుకోరా” అన్నాను. వాళ్ల ఇంజనీరు పక్కన ఉండగా, బయటి కరెంటుతో ఇంజన్ స్టార్ట్ చేసి చూశారట. అది 24 వోల్టుల బ్యాటరీ ఉన్న బండి, ఆల్టర్నేటర్ (డైనమోలాగా కరెంటు పుట్టించేది) బాగుంటే సుమారు 28 రావాలి (12 వోల్టుల పాత వాటిలో 14). బస్ దగ్గర (కరెంటుని అన్నిటికీ పంచే పట్టీ) 28 ఉంది, అంటే వస్తోంది. బ్యాటరీ రెండు టెర్మినళ్ల మధ్య 26 కూడా లేదు, అంటే ఎక్కట్లేదు! ఇంజన్ ఆపి ఎర్త్ వైరు బోల్టు విప్పితే, లగ్గు (వైరు కొసన ఉండే బిళ్ల) కింద ఉప్పు పేరుకున్నట్టు తెల్లటి పొడి. గీకి శుభ్రం చేసి బిగించాక దారికొచ్చింది. కొత్త బ్యాటరీ వేసినా ఆ పొడి అక్కడే ఉండేది కదా.

బస్ దగ్గరే 24, 25 దాటకపోతే అది ‘రావట్లేదు’. అప్పుడు బెల్టు వదులైందా, ఫీల్డ్ (ఆల్టర్నేటర్ లోపల అయస్కాంతంలా పనిచేసే తీగచుట్ట) బ్రేకర్ ఎగిరిందా, మాస్టర్ స్విచ్చులో ఆల్టర్నేటర్ వైపు ముక్క ఆన్‌లో ఉందా (సెస్నాలో ఆ ఎర్ర స్విచ్చు రెండు ముక్కలుగా ఉంటుంది), ఇవి చూడాలి. ఫీల్డ్ వైరులో కరెంటు ఉండి కూడా పుట్టకపోతే బ్రష్షులు, రోటర్. ఫీల్డ్ వైరులోనే లేకపోతే రెగ్యులేటర్ వైపు వెతకాలి.

ఇక్కడ ఇంకో మాట కూడా పనికొస్తుంది, తోడు. ఆల్టర్నేటర్ తనంతట తాను కరెంటు పుట్టించలేదు, ఫీల్డులోకి బ్యాటరీ నుంచి కాస్త కరెంటు వెళ్లాలి. తోడు వెయ్యకపోతే పాలు పెరుగవ్వవు, ఇదీ అంతే. అందుకే బ్యాటరీ పూర్తిగా చచ్చిపోయిన విమానాన్ని చేత్తో ఫ్యాను తిప్పి స్టార్ట్ చేస్తే, ఇంజన్ తిరుగుతుంది గానీ ఛార్జింగ్ మాత్రం రాదు. ఇంజన్‌కి నిప్పురవ్వ మాగ్నెటోలు వేరేగా ఇచ్చుకుంటాయి, వాటికి బ్యాటరీతో పని లేదు. ఆకాశంలో ఛార్జింగ్ పోయినా ఇంజన్ ఆగకపోవడం దాని వల్లే. కానీ రేడియో, లైట్లు బ్యాటరీలో మిగిలినంతసేపే.

పర్లాకిమిడి, బరంపురం వాళ్లు చెప్పండి, మీ దగ్గర మెకానిక్కులు ‘నిలవట్లేదు’ అంటారా, ‘ఆగట్లేదు’ అంటారా? రాయగడలో రెండోది విన్నాను.