కొత్త పోపు కోసం మన ఆదివారం ఆరాధనలో ప్రార్థన చేయొచ్చా?

హన్మకొండ అల్లుడు (ప్రశ్న అడిగినవారు)

అందరికీ వందనాలు. మాది హన్మకొండ, తాతల నాటి నుంచి బాప్టిస్టులం. మా ఆవిడ వాళ్లది కాజీపేట ఫాతిమానగర్, ఆర్‌సీఎం, అంటే రోమన్ కతోలిక్. పెళ్లై పదకొండేళ్లు. ఆదివారం పొద్దున ఒకే బండి మీద బయల్దేరతాం. ఆమెను పూజ దగ్గర దింపి నేను మా ఆరాధనకి పోతా. ఇన్నేళ్లలో దీని మీద గొడవ రాలేదు. ఇప్పుడొచ్చింది. ఇంట్లో కాదు, మా సంఘంలో.

2025 మే 8 రాత్రి టీవీ పెడితే ఏ ఛానల్లో చూసినా సరిహద్దు, డ్రోన్లు, ధర్మశాలలో ఆగిపోయిన ఐపీఎల్ మ్యాచ్. అత్తమ్మ మాత్రం ఫోన్లో రోము లైవ్ పెట్టమంది. మన టైం తొమ్మిదిన్నర దాటాక తెల్ల పొగ వచ్చింది, కొత్త పోపు ఎన్నికైనట్టు. మోకాళ్ల నొప్పులున్న మనిషి లేచి నిలబడి శిలువ గుర్తు వేసుకుంది. ఇంకో గంటకి పేరు చెప్పారు. రాబర్ట్ ప్రీవోస్ట్, పద్నాలుగో లియో. "అమెరికాయననా?" అని కొంచెం మొహం చిన్నబుచ్చుకుంది. మళ్లీ తనే "అయితేనేం, పాపుగారు పాపుగారే" అంది.

మర్నాడు ఆఫీసులో అందరూ నాకు షేక్‌హ్యాండ్లు. "మీ కొత్త పోప్ వచ్చాడంట, స్వీట్లేవి?" బాప్టిస్టుకీ కతోలిక్‌కీ తేడా చెప్పడం మొదలుపెడితే లంచ్ టైం అయిపోద్ది. థాంక్స్ అని ఊరుకున్నా.

ఆదివారం మా ఆరాధనలో ప్రార్థన విన్నపాల చీటీ వేశా. "కొత్త పోపు లియో కోసం, ఆయనకు దేవుడు జ్ఞానం ఇవ్వాలని." పాస్టర్ గారు చదివి చీటీ జేబులో పెట్టుకున్నారు, పైకి చదవలేదు. అయిపోయాక ఒక సంఘ పెద్ద పక్కకి పిలిచి "అత్తగారింటి సంగతులు ఇక్కడికి తేకు తమ్మీ" అన్నాడు.

నేను పోపును ఒప్పుకోమని అడగలేదు. ప్రార్థన చేయమన్నా. తప్పా?

మానుకోట విశ్వాసి

బ్రదర్, మీ పెద్దాయన కరెక్ట్. అన్న తీరు బాగాలేదేమో గాని మాట కరెక్ట్.

ముఖ్యమంత్రి కోసం, కలెక్టర్ కోసం మనం ప్రార్థిస్తాం, అధికారంలో ఉన్నవాళ్ల కోసం ప్రార్థించమని వాక్యమే చెప్పింది కాబట్టి. కానీ ముఖ్యమంత్రి 'నేను సంఘానికి కనిపించే శిరస్సుని' అనడు కదా. పోపు పదవి అంటేనే ఆ మాట. సంఘానికి శిరస్సు క్రీస్తు ఒక్కడే. పుల్పిట్ మీద నిలబడి 'పోపు లియో' అని ప్రార్థిస్తే ఆ పదవికి ఆమేన్ అన్నట్టే. మనిషి మీద ప్రేమ ఉంటే 'రాబర్ట్' అని ప్రార్థించండి, నేనూ ఆమేన్ అంటా.

ద్వేషంతో అంటున్నా అనుకోకండి. మా అమ్మానాన్నలు ఆర్‌సీఎంలోనే పుట్టారు. మా పల్లెకి ఫాదర్ ఏడాదికి నాలుగైదుసార్లు వచ్చేవారు. మా పాస్టర్ గారు మా వాడలోనే ఉంటారు. అర్ధరాత్రి పాము కరిస్తే ఆటో మాట్లాడింది ఆయన. రోములో ఎవరు గెలిస్తే మా పల్లెకేంటి?

కాజీపేట జంక్షన్

మంచి సలహా బ్రదర్. మరి మీ పాస్టర్ గారి కోసం ప్రార్థించేటప్పుడు మేం కూడా 'పాస్టర్' తీసేసి ఒట్టి పేరు పెట్టి పిలవొచ్చా?

మానుకోట విశ్వాసి

పిలవండి. ఆయనేం అనుకోడు.

(అనుకుంటాడు లెండి, కొంచెం.)

డోర్నకల్ మనవడు

మాది సీఎస్‌ఐ, అంటే దక్షిణ ఇండియా సంఘం. ఈ ప్రశ్న మాకు అంత కష్టం కాదు. పుస్తకంలో ఉన్న ప్రార్థనలు చదువుకునే వాళ్లం, లోకంలో ఉన్న సంఘమంతటి కోసం ఎలాగూ ప్రార్థిస్తాం. కాబట్టి మీ అంత టెన్షన్ లేదు.

కానీ 'అత్తగారింటి సంగతులు' అన్న మాట దగ్గర ఆగిపోయా. డోర్నకల్ బిషప్ అజరయ్య గారిని తెలుసు కదా, 1912లో బిషప్ అయ్యారు, ఆంగ్లికన్లలో మొదటి భారతీయ బిషప్. దానికి రెండేళ్ల ముందు ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీల మహాసభ జరిగితే ఈయన లేచి తెల్లదొరల మొహం మీదే చెప్పారు: మీరు మా కోసం త్యాగాలు చేశారు, ఆస్తులు ఇచ్చారు, అవి సరే, మాకు స్నేహితులు కావాలి, స్నేహాన్ని ఇవ్వండి అని. సభలో కొందరికి నచ్చలేదు. ఆ తర్వాత ఆయన బతికినన్నాళ్లూ సంఘాలు కలవాలనే తిరిగారు. 1945లో పోయారు. 1947 సెప్టెంబర్‌లో సీఎస్‌ఐ వచ్చింది, మా ఆంగ్లికన్లూ మెదక్ మెథడిస్టులూ ఒకే గొడుగు కిందికి చేరారు. బాప్టిస్టులు చేరలేదు. అల్లుడు గారూ, మీ పెద్దాయన అలవాటు కొత్తదేం కాదు అని చెప్పడానికే ఇది!

నా లెక్క ఒకటే. ప్రార్థన ఓటు కాదు. పోపును ఎన్నుకునే కాంక్లేవ్‌లో ఓటు వేసే 133 మంది కార్డినళ్లలో మనం లేం, ఆయన మీద మనకి అధికారం లేదు, మన మీద ఆయనకీ లేదు. అలాంటి మనిషి కోసం చేసే ప్రార్థన కంటే ఖర్చు లేని ప్రార్థన ఏముంది?

మానుకోట విశ్వాసి

ఖర్చు ఉంది అన్నా. మా సంఘంలో సగం మంది విగ్రహాలు వదిలి వచ్చినవాళ్లు. 'పోపు కూడా మన దైవజనుడే' అని పాస్టర్ గారు అంటే, రేపు 'మరి మరియమ్మ విగ్రహానికి దండ వేస్తే ఏమైంది' అని అడుగుతారు. మీకు పుస్తకం ఉంది, నాలుగు తరాల చదువు ఉంది. మా వాళ్లకి గీత స్పష్టంగా ఉండాలి.

ఇంకోటి. అంత్యకాల గుర్తులు కూడా చూడండి. మలాకీ ప్రవచనంలో పోపుల జాబితా అయిపోయింది. యూట్యూబ్‌లో ఉంది, లింక్ పెడుతున్నా.

అడ్మిన్

లింక్ తీసేశాను. మూడోసారి.

కాజీపేట జంక్షన్

ముందు చెప్పిన దండ మాట ఆలోచించాల్సిందే, దానికి నా దగ్గర వెంటనే జవాబు లేదు. రెండోదానికి ఉంది.

ఈ మలాకీ పాత నిబంధనలో చివరి పుస్తకం మలాకీ కాదు. పన్నెండో శతాబ్దపు ఐర్లాండ్ బిషప్. ఆయన పేరు మీద 112 చిన్న చిన్న వాక్యాల జాబితా 1595లో అచ్చయ్యింది, ఆయన పోయిన నాలుగున్నర శతాబ్దాలకి. అచ్చయ్యే నాటికి గడిచిపోయిన పోపులకి వాక్యాలు అచ్చుగుద్దినట్టు సరిపోతాయి, ఆ తర్వాత వాళ్లకి సాగదీయాలి. దొంగ రాత అని చరిత్రకారులు ఎప్పుడో తేల్చారు. పోనీ నిజమే అనుకుందాం. జాబితాలో చివరివాడు ఫ్రాన్సిస్ అని పన్నెండేళ్లు వీడియోలు చేశారు. ఆ లెక్కన లియో ఉండనే కూడదు. ఉన్నాడు. ఆదివారం బాల్కనీ నుంచి భారత్, పాకిస్తాన్ కాల్పులు ఆపినందుకు సంతోషం అని కూడా అన్నాడు. వీడియోలు చేసినవాళ్లు ఒక్కరైనా పొరపాటైంది అన్నారా?

జనగామ నుంచి

నేనూ కతోలికుణ్నే. కానీ నిజం చెప్పనా, నాకు నీరసం వచ్చింది. ఈసారైనా ఆసియా నుంచి వస్తారనుకున్నా. ఫిలిప్పీన్స్ టాగ్లే పేరు అంత వినబడింది. చివరికి మళ్లీ తెల్లాయన, అదీ షికాగో. మా గ్రూపులో ఈ మాట అంటే 'పవిత్రాత్మ ఎన్నుకుంటే నీకేం బాధ' అని నా మీద పడ్డారు. పాపుగారి మీద భక్తి ఉంటే అసంతృప్తి ఉండకూడదా?

ఫాతిమా టీచర్

జనగామ తమ్ముడూ, ఉండొచ్చు. మా ఇంట్లోనూ అదే మాట. కానీ షికాగో అని ఊరుకోకు. ఆయన చాలా ఏళ్లు పెరూలో పనిచేశాడు, అక్కడి పౌరసత్వం తీసుకున్నాడు, చిక్లాయోకి పీఠాధిపతిగా, అంటే బిషప్‌గా ఉన్నాడు. మొదటి రోజు బాల్కనీలో ఇటాలియన్ మధ్యలో స్పానిష్ అందుకుని ఆ చిక్లాయో వాళ్లనే పలకరించాడు. ఇంగ్లిష్ ఒక్క ముక్క మాట్లాడలేదు. అగస్టీనియన్ సన్యాసుల సభకి పెద్దగా ఉన్నప్పుడు మన కేరళ దాకా కూడా వచ్చి వెళ్లాడు.

ఇక్కడ అందరూ పోపు పదవి గురించి వాదిస్తున్నారు. మాకు పాపుగారు ఎక్కడ తగులుతారో ఎవరూ అడగలేదు కాబట్టి చెప్తా. ప్రతి పూజలో, రొట్టె రసాల మీద ఫాదర్ గారు చేసే పెద్ద ప్రార్థనలో, ముందు పాపుగారి పేరు, ఆ వెంటనే మన పీఠాధిపతి పేరు వస్తాయి. రోజూ. పల్లెలో పదిమంది ఉన్నా, కథీడ్రల్‌లో వెయ్యిమంది ఉన్నా. పన్నెండేళ్లు 'ఫ్రాన్సిస్' అని వినీ వినీ అది చెవికి ఆనడమే మానేసింది. ఈస్టర్ మర్నాడు, ఏప్రిల్ 21న, ఆయన పోయారు. ఆ రోజు నుంచి ఆ చోట పేరు లేదు. ఒక రోజు మా ఫాదర్ గారికి అలవాటులో 'ఫ్రా' దాకా వచ్చి ఆగిపోయింది. అప్పుడు ఏడుపొచ్చింది నాకు, టీవీలో అంత్యక్రియలు చూసినప్పుడు కూడా రాలేదు.

మే 9 పొద్దున ఆ చోట 'లియో' అన్నారు. నాలుగో ఓటింగు, మూడింట రెండు వంతులు అంటే 89 ఓట్లు, ఇవన్నీ పేపరు సంగతులు. నాకు కొత్త పాపుగారు వచ్చింది ఆ ఒక్క మాటతో.

మానుకోట తమ్ముడూ, 'రోములో ఎవరైతే మాకేంటి' అన్నావు. మీ పల్లెకి మేం తక్కువ వచ్చాం, అది మా తప్పే, ఒప్పుకుంటా. కానీ మాకు మాత్రం ఆ పేరు ఊరికే పేరు కాదు. మా పీఠాధిపతి ఎవరో తేలేది కూడా అక్కడే. 2013లో వరంగల్‌కి వచ్చిన ఉడుముల బాల గారిని 2024లో విశాఖపట్నం అగ్రపీఠాధిపతిగా పంపింది రోమే. మమ్మల్ని ఎవరూ అడగలేదు. అది నచ్చిందా అని కూడా అడగకు.

ఇంకో సంగతి. ఆ 133 మందిలో మన పూల అంతోని గారు ఉన్నారు. హైదరాబాద్ అగ్రపీఠాధిపతి, 2022లో కార్డినల్ అయ్యారు. మొదటి తెలుగాయన, మొదటి దళితుడు. ఆ గదిలోకి ఆయన నడిచి వెళ్తుంటే మా వాడలో ముసలివాళ్లు ఫోన్‌కి దండం పెట్టారు. అదే వాడలో, ఎస్సీ కుటుంబం క్రైస్తవం తీసుకుంటే కాగితం మీద బీసీ-సీ. ఎస్సీ హోదా క్రైస్తవులకి లేదని 1950 ఉత్తర్వు. అక్కడ తహసీల్దార్ ఆఫీసులో 'మీది పోపు ఉన్న మతమా, లేని మతమా' అని ఎవరూ అడగరు. మనమే అడుక్కుంటున్నాం.

మానుకోట విశ్వాసి

అక్కా, చివరి పేరా ఒప్పుకున్నా. నా సర్టిఫికెట్ కూడా బీసీ-సీనే.

పోపు సంగతి మాత్రం ఒప్పుకోను.

పాస్టర్ కొడుకు

ఒక సరదా సంగతి, ఎవరూ అనలేదు కాబట్టి. ప్రొటెస్టెంట్ ఉద్యమం మొదలుపెట్టిన మార్టిన్ లూథర్‌ని 1521లో వెలివేసింది పదో లియో. లూథర్ అప్పుడు అగస్టీనియన్ సన్యాసి. ఐదు వందల ఏళ్ల తర్వాత అదే అగస్టీనియన్ సభ నుంచి మొదటిసారి ఒకాయన పోపయ్యాడు, పేరు లియో అని పెట్టుకున్నాడు! ఆయన తలుచుకున్నది పదో లియోని కాదు, కార్మికుల కూలి గురించి, సంఘం పెట్టుకునే హక్కు గురించి 1891లో లేఖ రాసిన పదమూడో లియోని. అయినా నాకు నవ్వొచ్చింది. మా నాన్నకి చెప్తే నవ్వలేదు.

హన్మకొండ అల్లుడు

అన్నీ చదివా. నా వైపు నుంచి ఒక్కటి. మా పెళ్లప్పుడు ఆర్‌సీఎం వాళ్లు నా బాప్తిస్మాన్ని ఒప్పుకున్నారు, మళ్లీ జ్ఞానస్నానం అడగలేదు. పీఠాధిపతి ఆఫీసు నుంచి అనుమతి కాగితం తెచ్చుకోమన్నారు, అంతే. మా వైపు సంఘం మాత్రం మా ఆవిడ చిన్నప్పటి జ్ఞానస్నానం చెల్లదంది. ప్రభువు బల్లలో (రొట్టె రసాల్లో) చేయి వేయాలంటే మళ్లీ నీళ్లలో మునగాలంది. ఆమె మునగలేదు. పదకొండేళ్లుగా మా సంఘంలో ఆమె 'అతిథి'. పోపు కోసం చీటీ వేసింది నిజానికి ఆమె పేరు పైకి చెప్పలేకేమో. ఇది నాకూ ఇక్కడ రాస్తుంటేనే తట్టింది.

మానుకోట విశ్వాసి

ముంచడం వాక్యానుసారమే బ్రదర్. కానీ పదకొండేళ్లు అతిథి అనడం... మీ పాస్టర్ గారితో మీరే మాట్లాడండి, పెద్దాయనతో కాదు.

హన్మకొండ అల్లుడు (మే 18, రాత్రి)

అప్‌డేట్ అడిగారు కదా. ఇవాళ అక్కడ లియో పదవీ ప్రారంభ పూజ. మా ఆరాధనలో నేను మళ్లీ చీటీ వేయలేదు. పాస్టర్ గారే పాత చీటీ జేబులోంచి తీశారు. "ఇవాళ బాధ్యత తీసుకుంటున్న రోము సంఘ నాయకుని కోసం" అన్నారు. పోపు అనలేదు, లియో అనలేదు, రాబర్ట్ కూడా అనలేదు. వెనక నుంచి రెండు మూడు ఆమేన్లు వినబడ్డాయి. పెద్దాయనది వినబడలేదు. ఇంటికొచ్చి చెప్తే అత్తమ్మ "పేరు పెట్టకపోతే దేవుడికెట్ల తెలుస్తది?" అంది. మా ఆవిడ మాత్రం రెండుసార్లు చెప్పించుకుంది.

ఫాతిమా టీచర్

అల్లుడు గారూ, వచ్చే ఆదివారం మా పూజలో విశ్వాసుల ప్రార్థన చదివేది నేనే. మీ పాస్టర్ గారి కోసం ఒక వాక్యం పెట్టొచ్చా అని ఫాదర్ గారిని అడిగా, సరే అన్నారు. ఆయన పేరు చెప్పండి.

హన్మకొండ అల్లుడు

ఇక్కడ వద్దక్కా, మా పెద్దాయన కూడా ఈ గ్రూపులో ఉన్నాడు. మెసేజ్ పెట్టా చూడండి.