ప్రింటింగ్ మగ్గులు పగిలి వచ్చాయి. మిగిలినవి వాడొచ్చా, డబ్బులు ఎవరిని అడగాలి?

ప్రశ్న, హనుమకొండ నుంచి:
అందరికీ నమస్కారం. నయీంనగర్‌లో మాకు చిన్న జిరాక్స్, ఫొటో ప్రింటింగ్ షాపు ఉంది. పోయినేడు మగ్ ప్రెస్, అంటే వేడితో మగ్గు మీద బొమ్మ అచ్చు వేసే మిషను కొన్నాం. ఇన్నాళ్లూ పది, ఇరవై చొప్పున ఇక్కడే తెచ్చుకునేవాళ్లం. ఈసారి ఒక స్కూలు వాళ్లు పదో తరగతి పిల్లల వీడ్కోలుకు 45 మగ్గులు అడిగారు. ధర తక్కువుందని ఆన్‌లైన్‌లో ఒక హోల్‌సేల్ వ్యాపారి దగ్గర 72 తెల్ల సబ్లిమేషన్ మగ్గులు (కాగితం మీది ఇంకు వేడికి పైకి ఎక్కేలా పూత ఉన్నవి) తెప్పించాను. 36 చొప్పున రెండు పెట్టెలు. ఒకటి బాగానే ఉంది. రెండోది మూల నొక్కుకుపోయి వచ్చింది. విప్పి చూస్తే 11 పోయాయి. ఎనిమిదింటికి పిడి విరిగింది, మూడింటికి అంచు లేచిపోయింది.

అమ్మినాయన కొరియర్ వాళ్లను అడగమంటాడు. కొరియర్ వాళ్లు ప్యాకింగే సరిగా లేదంటారు. నేను వీడియో తీయలేదు, చూడకుండా సంతకం కూడా పెట్టేశాను. అంతకంటే పెద్ద టెన్షన్, ఆ పెట్టెలో మిగిలిన 25 మగ్గుల్లో కంటికి కనపడని పగుళ్లు ఉంటాయేమోనని. పిల్లల చేతికి ఇచ్చే వస్తువు కదా. ఏం చేయమంటారు?

జవాబు, కాజీపేట నుంచి:
అక్కా, డబ్బుల సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ 25 మగ్గులూ పక్కన పెట్టండి, ఒక్కటి కూడా ప్రెస్‌లో పెట్టకండి. మా అమ్మ సంతలో కుండ కొనేటప్పుడు వేలి మెటికతో కొట్టి, మోత విని తీసుకునేది. మగ్గుకూ అదే పరీక్ష. పిడిని రెండు వేళ్లతో పట్టుకుని మగ్గును గాల్లో వేలాడనివ్వండి, అరచేయి తగలకూడదు. చెక్క పెన్సిల్‌తో అంచు మీద మెల్లగా కొట్టండి. మంచి మగ్గు ఖంగుమంటుంది, ఆ మోత ఒక్క క్షణం నిలుస్తుంది. పగులున్నది టక్కుమని అక్కడికక్కడే ఆగిపోతుంది. ముందుగా మంచి పెట్టెలోవి నాలుగైదు కొట్టి వినండి, చెవికి తేడా పట్టుబడుతుంది. ఫ్యాన్ ఆపి, షాపులో రద్దీ లేనప్పుడు చేయండి.

అనుమానం ఉన్నదానికి చల్లారిన టీ డికాక్షన్ రాసి, కాసేపాగి తుడవండి. పగులు ఉంటే సాధారణంగా వెంట్రుకంత గీత మిగిలిపోతుంది. అలాంటిది ప్రెస్‌లో పెడితే 180 డిగ్రీల దగ్గర విచ్చుకుంటుంది. అక్కడ తట్టుకున్నా, రేపు ఎవరో వేడి చాయ్ పోసినప్పుడు పగిలి ఒళ్లో పడుతుంది. నాకు పగిలిన మగ్గు కంటే ఈ పగులు కనపడని మగ్గంటేనే భయం.

పిడి విరిగినవి పారేయకండి. ఒంటి మీద పగులు లేకపోతే, విరిగిన చోట గరుకు కాగితంతో రుద్ది, టైము, టెంపరేచరు సరిచూసుకోవడానికి వాడుకోవచ్చు. కొత్త కంపెనీ పేపరు గానీ ఇంకు గానీ మార్చినప్పుడు మంచి మగ్గు పాడుచేసుకోవాల్సిన పని ఉండదు.

జవాబు, కరీంనగర్ నుంచి:
మేడం, వీడియో లేకపోయినా దారి మూసుకుపోలేదు. పెట్టె పారేయలేదు కదా? నొక్కుకుపోయిన మూల, పెట్టె మీది లేబుల్, లోపలి థర్మాకోల్, పగిలిన 11 మగ్గులు వరసగా పేర్చి ఒకే ఫొటోలో, అన్నీ ఈరోజే తీయండి. బిల్లు జతచేసి అమ్మినవాళ్లకు రాతపూర్వకంగా పంపండి. ఫోన్లో చెప్పింది లెక్కలోకి రాదు. కొరియర్‌ను మాట్లాడి పెట్టింది, డబ్బు కట్టింది అమ్మినవాళ్లే కాబట్టి క్లెయిము వాళ్లే వేసుకోవాలి. మనకు జవాబు చెప్పాల్సింది వాళ్లే. ఈ మాట మర్యాదగానే, గట్టిగా రాయండి.

వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. అమ్మకానికి కొన్న సరుకు మామూలుగా వినియోగదారుల చట్టం కిందికి రాదు. కానీ స్వయం ఉపాధితో బతుకుదెరువు కోసమే కొన్నదానికి 2019 చట్టంలో మినహాయింపు ఉంది. మీది ఇంటివాళ్లే నడుపుకునే షాపు కాబట్టి ఆ సంగతి ఫిర్యాదులో రాయండి.

ఈసారి లారీ ట్రాన్స్‌పోర్ట్‌లో తెప్పిస్తే బిల్టీ (ట్రాన్స్‌పోర్ట్ వాళ్లిచ్చే సరుకు రసీదు) మీద సరుకు విలువ వేయించండి. విలువ రాయించకపోతే రవాణా సంస్థ కట్టాల్సిన నష్టానికి పరిమితి ఉంటుంది. నష్టం జరిగితే బుక్ చేసిన రోజు నుంచి 180 రోజుల్లోపు వాళ్లకు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. 2007 నాటి రోడ్డు రవాణా చట్టంలో ఉన్న సంగతే ఇది.

జవాబు, వరంగల్ నుంచి:
అమ్మా, నేను పదేళ్ల నుంచి ఈ పనిలో ఉన్నా. డబ్బు పంపకముందే మూడు మాటలు అడగాలి. ఒక్కో మగ్గుకు విడిగా డబ్బా ఉంటుందా, పెద్ద పెట్టెకూ డబ్బాలకూ మధ్య ఏం నింపుతారు, పగిలితే కొత్త మగ్గు ఇస్తారా బిల్లులో తగ్గిస్తారా. జవాబు మెసేజ్‌లో ఉండాలి. పిడి బయటికి పొడుచుకుని ఉంటుంది కనుక దెబ్బ దానికే తగులుతుంది. చదరపు డబ్బాలో పిడి మూలకు వచ్చేట్టు పెడితే చాలావరకు బతుకుతుంది. మధ్యలో ఖాళీ ఉంటే నలిపిన న్యూస్‌పేపరో, గడ్డో కూరాలి. పెట్టె ఊపితే లోపల ఏదీ కదలకూడదు.

36 మగ్గుల పెట్టె పన్నెండు, పదమూడు కిలోలు తూగుతుంది. ఒక్క మనిషి ఎత్తి దించగలడు. 72 ఒకే పెట్టెలో కుక్కితే బరువుకు జారవిడుస్తారు. రెండు పెట్టెలు చాలంటే నేను తెల్లవారుజామున కాజీపేటలో రైలెక్కి హైదరాబాద్ బేగంబజార్ పోయి, మోత విని ఏరుకుని తెచ్చుకుంటా. చార్జీలు పోయినా మనసుకు నెమ్మది.

ఇంకొక మాట. మీ ప్రెస్‌లోనే పగిలితే అది అమ్మినవాళ్ల తప్పు అని వెంటనే అనకండి. బిగింపు ఎక్కువైనా పగులుతుంది. మగ్గు చేత్తో తిప్పితే తిరగకూడదు, అంతవరకే బిగించాలి. తీసిన వెంటనే చన్నీళ్లలో ముంచే అలవాటు కొందరికి ఉంది. అది మానుకోండి, దానంతట అదే చల్లారనివ్వండి.

ప్రశ్న అడిగినవారు, మరుసటి రోజు:
అన్నలకు చాలా చాలా థాంక్స్. రాత్రి షాపు మూసేసి, నేనూ మా ఆయనా కూర్చుని 61 మగ్గులూ కొట్టి విన్నాం. దెబ్బతిన్న పెట్టెలో మూడు టక్కుమన్నాయి. డికాక్షన్ రాస్తే రెండింటికి పిడి మొదట్లో, ఒకదానికి అడుగున గీత కనిపించింది. పైకి మూడూ నిగనిగలాడుతున్నాయి. నిన్న తొందరపడి ప్రింట్ వేసుంటే పిల్లలకే వెళ్లేవి. మిగిలిన 58తో స్కూలు ఆర్డర్ అయిపోతుంది.

ఫొటోలతో రాసి పంపితే అమ్మినాయన పొద్దున్నే ఫోన్ చేశాడు. 14 కొత్త మగ్గులు బస్సు పార్సిల్‌లో పంపుతానన్నాడు. ఆ మాట మెసేజ్‌లో పెట్టమని అడిగాను, పెట్టాడు. పార్సిల్ ఎల్లుండి వస్తుంది.

జవాబు, వరంగల్ నుంచి:
మంచిదమ్మా. ఎల్లుండి తీసుకునేటప్పుడు అక్కడే పెట్టె చెవి దగ్గర పెట్టుకుని ఊపండి. లోపల గలగలమంటే సంతకం పక్కన ‘పెట్టె దెబ్బతిని వచ్చింది, లోపల శబ్దం వస్తోంది’ అని రాసి, ఆ కాగితం ఫొటో తీసుకున్నాకే ఇంటికి తెచ్చుకోండి. విప్పేటప్పుడు టేపు కోయకముందు నుంచే వీడియో మొదలుపెట్టండి, లేబుల్ కనపడాలి, మధ్యలో ఆపొద్దు.