సబ్‌టైటిల్స్ పోనుపోనూ ముందే వచ్చేస్తున్నాయి, ఎలా సరిచేయాలి?

నొమురా యొషితారో తీసిన 1974 నాటి జపనీస్ సినిమా ‘క్యాజిల్ ఆఫ్ శాండ్’ చూస్తున్నాను. నిడివి 143 నిమిషాలు. ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ విడి ఫైల్‌లో ఉన్నాయి. మొదట్లో మాటకు సరిగ్గా పడతాయి. పది నిమిషాలకు 25 సెకన్లు, గంటకు రెండున్నర నిమిషాలు ముందే వచ్చేస్తున్నాయి. వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్‌లో హెచ్ కీ నొక్కి ఆలస్యం పెంచితే ఆ సీను వరకు కుదురుతుంది, కాసేపటికి మళ్లీ తప్పుతుంది. ఇంకో ఫైల్ పెట్టినా అంతే.

ముసలి తండ్రికి కొడుకు ఫొటో చూపిస్తే, వెక్కివెక్కి ఏడుస్తూ కూడా ‘ఈ మనిషెవరో నాకు తెలియదు’ అంటాడు. ఆ జవాబు నాలుగైదు నిమిషాల ముందే తెర మీద పడిపోయింది. ప్రాణం ఉసూరుమంది. ఆ సీనైనా సరిగ్గా చూడాలి.

సబ్‌టైటిల్ ఫైల్ మొత్తాన్ని ఒకే లెక్కన సాగదీసి వీడియో వేగానికి సరిపెట్టడం ఎలా?